బోర్లేసిన పుట్టి

వనపర్తి,
9 జూన్ 2024

అమీనాబీ అత్తకు,

జబీన్ సలాం. నేను ఎవనితోనూ లేచిపోతలేను. మిగతాదంతా దీని తర్వాతనే చదువు. మా అమ్మ ఇప్పటికే నీకు ఫోన్ చేసి ఏడ్చే ఉంటది. ఆమె ఏడుపులో నా ముచ్చట ఎంత ఉందో, ఆమె భయం ఎంత ఉందో నువ్వే జల్లెడ పట్టుకోవాలె.

జరిగింది ఇది. తౌసీఫ్ అన్న నా ఫోన్ గుంజుకొని అందరి ముందట పైకి చదివిండు. "నడిజాముకు ఉత్తరం దర్వాజ తీసి పెట్టు. నా ప్రాణం నీ చేతుల్లో ఉంది." దాని కింద నా జవాబు: "తీసే పెడత. నా ఒంట్లో ఊపిరి ఉన్నంత వరకు మీ మీద ఈగ వాలనియ్య." అమ్మ ఉత్తరం దర్వాజ దిక్కు ఉరికింది. నాన్న పరుపు కుడుతూ కుడుతూ దబ్బనం పట్టుకొనే లేచి వచ్చిండు. మా ఇంటి ఉత్తరం దర్వాజకు ఆ రోజే కొత్త గొళ్లెం పడ్డది.

ఆ మాట రాసింది వంశీ. నాగర్‌కర్నూలులో బ్యాంకు పరీక్షలకు చదువుకుంటుండు. అత్తా, వంశీ రాణి. నేను మీసాలున్న కోటకాపు భైరోజీని. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో ఎవరికీ ఎక్కుతలేదు.

"మొగపిల్లగాడు రాణెట్లయితడే?" అంటది అమ్మ.

"భాగోతంల కాలేదా?"

"భాగోతం ఊరందరి ముందట ఆడుతరు. నువ్వు దుప్పటి కప్పుకొని ఆడినవు."

ఫోన్ ఇప్పుడు నాన్న పరుపుల దుకాణంలో, గల్లపెట్టెలో ఉంది. అందుకే ఈ కాగితం. కవరు కొంటుంటే పోస్టాఫీసాయన "నౌకరికి దరఖాస్తా అమ్మా?" అని అడిగిండు. ఎమ్మెస్సీ చదివిన పిల్ల కవరు కొంటే ఇంకేం అనుకుంటడు.

నీకే రాస్తున్న, ఎందుకంటే నీ కొడుకు రెహాన్ మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివిన మూడేండ్లు ఈ ఆట ఆడిండు. సెలవులకు వస్తే నీ ఇంట్లో కూడ ఫోన్ పట్టుకొని నవ్వుకుంటుంటే నువ్వు తిట్టినవు. ఇదే ఆ ఆట. "నల్లరేవు కోట" అని ఒక డబ్బింగు సీరియల్ వస్తుండె. ఛానల్ మూతపడి అది నడిమిట్లనే ఆగిపోయింది. రాణి ఏటి ఒడ్డున, దాటించే గుండ్రటి పుట్టి పడవ కోసం ఎదురు చూస్తుంటే ఆగింది. మేం కొంతమందిమి ఆ మనుషులను అరువు తెచ్చుకొని గ్రూపులో కథ ముందుకు నడిపిస్తున్నం. వంశీ రాణి. పాన్‌గల్ ప్రేమలత వైద్యురాలు. శత్రువుల సర్దారు మహిపాల్, వాడిది అమ్రాబాద్, అడవి పక్క; సిగ్నల్ దొరికిననాడే దండెత్తుతడు. పొద్దున చేసిన యుద్ధం మాకు రెండు రోజులకు అందుతది.

రెహాన్ పుట్టి నడిపే సారంగు. సీరియల్‌లో సారంగు మూగవాడు. వేరే ఎవరూ ఆ వేషం తీసుకోలే, మాటలు లేవని. రెహాన్ అడిగి మరీ తీసుకున్నడు. మూడేండ్లు ఒక్క మాట మాట్లాడించకుండ ఆ మనిషిని నడిపిండు. ఏం చేసిండో మాత్రమే రాసేది, రెండు నక్షత్రం గుర్తుల నడుమ. తెడ్డు వేసిండు. చెయ్యెత్తిండు. నీళ్లు తోడి పోసిండు. అంతే. అయినా మాకు అన్నీ అర్థమయ్యేవి.

నేను కోటకాపునే కాదు, పట్వారిని కూడ. రెహానే పెట్టిండు ఆ పేరు. ఎవరు ఎప్పుడు ఏ గాయంతో ఉన్నరు, ఏ తలుపు కాలిపోయింది, ఎవరు చచ్చిండ్రు, అన్నీ చూసి అతుకు పోకుండ, వేరేగ రాసి పెట్టుకునే అసలు కథలో ఎక్కించేది నేను. నేను ఎక్కించిందే జరిగినట్టు. మా కట్టుబాట్లు తక్కువనే. అరువు తెచ్చిన మనిషి గుణం మార్చొద్దు. ఆడేవాళ్లు పోతే వాళ్ల వేషం ఇంకొకరు తొడగొద్దు. పుట్టి బోర్లేసి ఉంటే రేవు మూసినట్టు, ఎవరూ దాటొద్దు. ఈ మూడోది రెహాన్ పెట్టిందే. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున చూసి వచ్చి పెట్టిండు.

రెహాన్ దవాఖానలో పోయినంక సారంగును ఎవరం ముట్టలే. కథలో సారంగు అవతలి ఒడ్డుకు పోయి ఉండె. రాణి ఇవతల నిలబడే ఉంది. ఇన్ని నెలలూ నిలబడే ఉంది. కథ నడవాలంటే సారంగును ఏరు వచ్చి ముంచిందని రాయాలె అన్నడు వంశీ. నేనూ సరే అందామనుకున్న.

గింతలనే, మొన్న, రెహాన్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. నా ఫోన్ అప్పటికే గల్లపెట్టెలో ఉంది. ప్రేమలత ఇక్కడ వనపర్తిలోనే జిరాక్స్ దుకాణంలో చేస్తుంది. ఆమె ఫోన్‌లో చూసిన. సారంగు పుట్టిని ఒడ్డుకు గుంజి బోర్లేసిండట. అందరూ వేషాలల్లనే ఉండి "సారంగూ, ఎక్కడికి పోయినవు ఇన్నాళ్లు?" అని అడిగిండ్రు. మర్నాడు జవాబు వచ్చింది.

"ఇక్కడనే ఉన్న. అందరు తిన్నరా? మబ్బు పట్టింది, లోపలికి పోండి."

అత్తా, మూగ సారంగు మాట్లాడిండు. ప్రేమలత చేతుల నుంచి ఎవరిదో ఆధార్ కార్డు జారి కింద పడ్డది.

రెహాన్ ఫోన్ ఎక్కడ ఉంది? ఎవరి దగ్గర ఉంది? జర చూసి రాయి.

నీ మేనకోడలు,
జబీన్


గద్వాల,
17 జూన్ 2024

జబీనుకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మ ఫోన్ చేసింది. నేను గట్టిగనే అన్న, వదినా, మన పిల్ల గట్లాంటిది కాదు, ఆ పిల్లగాడు రాణి వేషమట అని. అంటే ఇంకింత ఏడ్సింది. ఆడ వేషాలేసేటోనితోని నా బిడ్డ అని. నాకు చాతనైంది చేసిన.

ఇక్కడ రెండు చినుకులు పడ్డయి. మీ మామ పెబ్బేరు సంతకు పలుపులు, గజ్జెలు ఏసుకొని పోయిండు. ఎడ్లు తగ్గినయి, గజ్జెలు కొనేటోళ్లు తగ్గిండ్రు, అయినా పోతడు. ఇంట్ల కూసుంటే ఆయనకు ఊపిరాడదు. ఫరీదా నాగర్‌కర్నూలులనే ఉన్నది, నర్సు ట్రైనింగు. ఇంట్ల నేను ఒక్కదాన్నే.

నా కొడుకు ఫోను సందుగల ఉంది. వాని అంగీల కింద. దాని జోలికి ఎవరు పోతరు?

ఒకటి అడుగుత, ఏమనుకోకు. ఆ సారంగును ముంచుడెందుకే? పుట్టి నడిపేటోనికి ఈత రాదా? పోయిండు, వచ్చిండు, అందరు పిలుస్తుంటే పలికిండు. పిలిస్తే పలుకకుంటే తప్పు గని పలికితే తప్పేంది?

ఇంకోటి. నువ్వు ఇంత పరేషాన్ ఎందుకయితున్నవో నాకు తెల్వదనుకోకు. మీ నాన్నా నేను ఒకప్పుడు అనుకున్న మాట ఒకటుండె, నిన్ను ఈ ఇంటికి తెచ్చుకోవాలని. మీకిద్దరికి చెప్పలే. మీరే చెప్పుకున్నరా? వాడు నీకేమన్న మాట ఇచ్చిండా? ఉంటే చెప్పు బిడ్డ. నాకు కోపం రాదు. ఏదన్న ఒకటి ఉండెనని తెలిస్తే సంతోషమే.

అన్నం మంచిగ తిను.

అమీనాబీ


వనపర్తి,
24 జూన్ 2024

అత్తకు,

సలాం. మాట ఏమీ లేదు. రెహాన్ నాకు ఏ మాటా ఇవ్వలే, నేను అడగలే. మా అమ్మకు వంశీ కనపడ్డడు, నీకు రెహాన్ కనపడ్డడు. నేను ఎవరితోనన్న ముచ్చట పెడితే అది పెండ్లి దిక్కు పోయే రోడ్డే అయి ఉండాలె మీకు. రెహాన్, నేను కలిసి ఒక ఊరు కట్టినం. దాంట్లో ఏ గోడ ఎక్కడ ఉందో మా ఇద్దరికీ ఒక తీరుగ తెలుసు. మిగతావాళ్లు మరిచిపోతే రెహాన్ నన్ను చూసేది, నేను రెహాన్‌ను చూసేదాన్ని. ఇప్పుడు అటు చూస్తే ఎవరూ లేరు. దీనికి ఒక చుట్టరికం పేరు లేదు. లేకపోతే లేకపోనీ.

ఇప్పుడు అసలు ముచ్చట. ఫోన్ సందుగలో బందు పెట్టి ఉంటే ఎట్ల మాట్లాడుతది? వారంలో మళ్ల మూడుసార్లు మాట్లాడిండు సారంగు. "దగ్గు తగ్గిందా రాణీ?" అన్నడు. రాణికి దగ్గు లేదు, వంశీకి ఉంది, ఎప్పుడో గ్రూపులో రాసుకున్నడు. వైద్యురాలిని "పాలల్ల పసుపు ఏసి ఇయ్యి" అన్నడు. మూడేండ్లు నోరు తెరువని మనిషి తెరిచి పసుపు పాలు చెప్పిండు. మహిపాల్ భయపడి గ్రూపు నుంచి పోతనన్నడు. వంశీ రోజుకొకసారి నాకు ప్రేమలతతో చెప్పి పంపుతుండు, ముంచెయ్ జబీన్, ఇది బాగలేదు అని.

ప్రేమలత ఫోన్‌లో పైన "రెహాన్ టైపింగ్" అని పడుతది. ఆగుతది. మళ్ల పడుతది. చుట్టూ జనం జిరాక్సుల కోసం తోసుకుంటుంటరు. నేను ఆ అక్షరాలను చూసుకుంట నిలబడుత. ఆగినప్పుడు కూడ కదలబుద్ధి కాదు.

ఇది రెహాన్ పేరు పెట్టుకొని ఎవరో ఆడుతున్న దొంగాట. ఆ మొదటి మెసేజే సాక్ష్యం. రాసే తీరు అచ్చం వాడిదే, నక్షత్రం గుర్తులతో సహా. కానీ పుట్టి బోర్లేసిండని ఉంది. మూడేండ్లలో రెహాన్ ఒక్కసారి కూడ పుట్టి బోర్లెయ్యలే. "బోర్లేస్తే నాకేం పని ఉంటది?" అనేది. ఆ ఒక్కటి తెలియనివాళ్లు రాసిండ్రు.

రాసే తీరు తెలిసి, ఆ అలవాటు తెలియని మనిషి ఎవరు? ఆ ఫోన్ లాకు ఎవరికి తెలుసు? ఫరీదాకు. అత్తా, నేను కోపంతో అంటలేను. ఫరీదాను అడుగు.

జబీన్


గద్వాల,
2 జులై 2024

జబీనుకు,

నువ్వు రాసిన మాటకు నా బిడ్డను అడిగిన. ఫోన్లనే అడిగిన. మొదలు నవ్వింది, తర్వాత "అమ్మా, నేను అన్న పేరు మీద ఆటలాడుతననుకున్నవా?" అన్నది, తర్వాత పెట్టేసింది. పీర్ల పండుగకు రానని మీ మామకు చెప్పిందట. నాకు చెప్పలే.

ఇగ ఇడ్సిపెట్టు ఈ ముచ్చట. మూగోడు మాట్లాడితే ఏరు ఎనుకకు పారిందా? మీ కోట కూలిందా? నువ్వు ఎమ్మెస్సీ చదివినవు, చెట్లకు పానం ఉందని చదివినవు, మనిషికి నోరొస్తే ఓర్వవా?

వానిని ముంచితే మాత్రం నాకు ఉత్తరం రాయకు.

అమీనాబీ


వనపర్తి,
9 జులై 2024

అత్తకు,

సలాం. నిన్న సారంగుకు పరీక్ష పెట్టిన. పెట్టినంక ఈ ఉత్తరం రాయడానికి ఒక పూట ఆగిన.

ప్రేమలత ఫోన్ తీసుకొని, "ఇది భైరోజీ" అని ముందు రాసి, కోటకాపుగ మాట్లాడిన. రేవు దర్వాజ దగ్గర ఎవరు వచ్చినా భైరోజీ ఆపి అడగాలె, అది మా పద్ధతి. సారంగు అయితే మాట్లాడడు గనుక తెడ్డుతో తలుపు మీద ఒక తీరుగ కొట్టేది. ఆ తీరు రెహాన్‌కు, నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు. "ఎవరది? గుర్తు చూపించు" అని రాసిన.

టైపింగ్ అని పడ్డది. ఆగింది. మళ్ల పడ్డది. వాన మొదలై కరెంటు పోయింది, దుకాణంలో మిషన్లు ఆగినయి. అప్పుడు వచ్చింది.

"చీకటి పడుతుంది బిడ్డా. ఆడపిల్లవు, ఒక్కదానివి దర్వాజ కాడ నిలబడకు. ఇంటికి పో."

ప్రేమలత నా మొహం చూసి నవ్వబోయి ఆగింది. గ్రూపులో వంశీ నవ్వుల బొమ్మలు పెట్టిండు, "భైరోజీ, మీసాలు తీసెయ్ ఇగ" అని. నాకు నవ్వు రాలే.

అత్తా, భైరోజీకి మీసాలు ఉన్నయి. గడ్డం కూడ ఉంది. ఒక కన్ను లేదు. మహిపాల్ ఆయనను చూసి రెండుసార్లు పారిపోయిండు. ఆయన ఆడపిల్ల అని సారంగుకు ఎవరు చెప్పిండ్రు?

ఆట నడుమ వేషం ఎనుక ఉన్న నన్ను చూసి మాట్లాడే మనిషి మా గ్రూపులో లేరు. వాళ్లకు నేను భైరోజీనే. ఫరీదాకు నేను ఏ వేషమో తెలియదు. ఎప్పుడూ అడగలే. నేను కోటకాపునని ఉత్తరం రాసి చెప్పింది ఒక్కరికే.

ఫరీదాను నేను అనవసరంగ అన్న. ఆమెకు వేరే రాస్తున్న.

నువ్వు నాకు రాయి.

జబీన్


గద్వాల,
20 జులై 2024

జబీనుకు,

అవు. నేనే.

తప్పు చేసిన అని నేను అనుకుంటలేను. ఎట్లయిందో చెప్త, చెప్పినంక నువ్వే అను.

వాని ఫొటో ఒకటి పెద్దగ చేయించి గోడకు పెట్టాలని నేను అంటే, మొన్న ఎండకాలం ఆఖర్ల ఫరీదా వచ్చినప్పుడు ఆ ఫోను తీసి చార్జింగు పెట్టింది. లాకు తీసేసి రీచార్జి చేయించింది. నాలుగు ఫొటోలు తీసుకున్నది. నాకు ఒకటి చూపించింది, అమ్మా, నీకు ఫోన్ల రాయరాకుంటే ఈ మైకు బొమ్మ ఒత్తి మాట్లాడు, అక్షరాలు అవే పడుతయి, నా నంబరుకు పెట్టు అని. ఆమె పోయింది. ఫోను గోడ కాడ చార్జింగుకే ఉండె.

నేను రొట్టెలు చేస్తుంటే టుంగుమన్నది. మళ్ల టుంగుమన్నది. పిండి చేతులతోనే చూసిన. సారంగూ ఎక్కడికి పోయినవు, సారంగూ ఎట్లున్నవు, సారంగూ వచ్చినవా. ఒకరెనుక ఒకరు. సారంగంటే వాడే అని నాకు తెలుసు, వాడు నవ్వుకుంట చెప్పిండు ఒకసారి.

జబీనూ, ఈ ఇంట్ల వాని పేరు ఎవరు పిలువరు. మీ మామ పిలువడు. ఫరీదా పిలువదు. పిలిస్తే నేను ఏడుస్తనని. పక్కింటోళ్లు వాని ముచ్చట వస్తే కూరగాయల ముచ్చట తీస్తరు. నాలుగు నెలలు. అట్లాంటిది ఇంత మంది కలిసి ఎక్కడికి పోయినవు అని అడుగుతున్నరు. నేను ఏం చెప్పాలె? ఆ మైకు బొమ్మ ఒత్తిన. ఇక్కడనే ఉన్న అన్న. తిన్నరా అన్న. నాకు వచ్చింది అంతే.

మూగోడని అప్పుడు తెల్వదు. ఎనుకకు జరిపి చదివిన, వాడు ఎక్కడా మాట్లాడలే. మీ మీద అలిగిండేమో అనుకున్న. నీ ఉత్తరం వచ్చినంక తెలిసింది.

తెలిసినంక ఆపాలె గద అంటవు. ఆపలే. చెప్త ఎందుకో. దవాఖానల ఆఖరు రోజులల్ల వాని గొంతుల పైపు ఏసిండ్రు. నన్ను లోపలికి పోనిచ్చినప్పుడు వాడు చేతులతోని ఏదో చెప్పిండు. ఇట్ల, అరచెయ్యి తిప్పి కింద పెట్టిండు. మళ్ల అదే. నాకు సమజ్ కాలే. నీళ్లా అన్న. కాదన్నడు. దుప్పటా అన్న. కాదన్నడు. నర్సు వచ్చి పొమ్మన్నది. ఎన్ని రోజులైనా ఆ చెయ్యే కండ్లల్ల మెదులుతది. నీకు మూగోడు ముద్దు కావచ్చు. నాకు కాదు. నా కొడుకు మాట్లాడాలె. పసుపు పాలు అన్న మాట్లాడాలె.

ఒకటి మాత్రం నాది కాదు. ఆ మొదటిది, పుట్టి బోర్లేసింది. నేను చూసేటాలకే అది ఉండె. నాకు ఆ చుక్కలు పెట్టరాదు. ఫరీదా పీర్ల పండుగకు రానన్నది గని వచ్చింది, నువ్వు ఆమెకు రాసిన ఉత్తరం చూసి వచ్చిందట, ఆమెను అడిగిన. చూసి చెప్పింది. మన ఫోన్ల దాని మీద వానిని దవాఖానల చేర్పిచ్చిన రోజు తేదీ ఉన్నదట. అప్పుడు రీచార్జి అయిపోయి ఉండె, పోక ఆగిందట. ఫోన్ తెరిచినంక అదే పోయిందట. ఇది చెప్పి ఫరీదా ఇంకొక గదిలకు పోయి తలుపేసుకున్నది.

ఇప్పుడు నేను ఒకటి అడుగుత. నీ మేనత్తగ అడుగుత. సారంగును నాకియ్యి. నువ్వు పట్వారివి, నువ్వు ఎక్కించిందే జరిగినట్టంటివి. మాట్లాడిండని ఎక్కియ్యి. దేవుని దయతోని మూగోనికి మాటొచ్చిందని రాయి. కథనే గద. నీదేం పోతది?

అమీనాబీ


వనపర్తి,
29 జులై 2024

అమీనాబీ అత్తకు,

సలాం. నీ ఉత్తరం ఇంట్లో చదవలే. దుకాణం ఎనుక దూది మూటల మీద కూసోని చదివిన. చదివినంక లేచి పోయి గల్లపెట్టెలో ఉన్న నా ఫోన్ తీసుకున్న. నాన్న చూసి, మళ్ల పరుపు కుట్టుడుల పడ్డడు. అమ్మ "ఎవనికి చేస్తున్నవే?" అన్నది. "రాణికి" అన్న. ఆమె "ఆ రాణి ఏ కులమో అన్న చెప్పు" అన్నది. నవ్విన. ఆమె కూడ నవ్విందనే అనుకుంట.

ఆ మొదటి మెసేజ్ తెరిచి చదివిన. దొంగదని నీకు రాసినప్పుడు దానిని సరిగ్గ చదవలే, తప్పు ఎక్కడ ఉందో వెతికిన. ఇది అందులో ఉన్నది మొత్తం:

*సారంగు పుట్టిని ఒడ్డుకు గుంజిండు. నీళ్లు కారిపోయేదాక ఆగిండు. బోర్లేసిండు. తెడ్డు దాని కింద పెట్టిండు. కోట దిక్కు ఒకసారి చూసిండు.*

మూడేండ్లు పుట్టి బోర్లెయ్యనివాడు దవాఖాన మంచం మీద వేసిండు. రేవు మూసిండు. దొంగ సంతకం అనుకొని నేను పట్టుకున్నదే వాడిది. మిగతావన్నీ వాడివి కావని నాకు తెలుసు. ఇది ఒక్కటి వాడిదని తెలియలే.

నీ చెయ్యి ముచ్చట. అరచెయ్యి తిప్పి కింద పెట్టిండని రాసినవు. రెండుసార్లు. నేను ఇక్కడ కూసోని చెయ్యి అట్ల పెట్టి చూసుకున్న. చేతి వీపు మీదికి, అరచెయ్యి నేల దిక్కు. బోర్లేసిన పుట్టి అట్లనే ఉంటది అత్తా. వాడు అదే చెప్పిండని ప్రమాణం చెయ్యలేను. చెమట పట్టి దుప్పటి తీయమన్నడేమో. ఎవరికీ తెలియదు. కానీ నాకు తెలిసిన సారంగు అయితే చెప్పాల్సింది చెప్పే పోతడు. నోరు లేదని ఎన్నడూ చెప్పకుండ పోలే.

నువ్వు ఒకటి అడిగినవు. కథనే గద, నీదేం పోతది అన్నవు. మా ఇంట్లో కూడ అదే మాట, అయితే ఉల్టా: కథనే గద, ఎందుకు పట్టుకొని ఏడుస్తవు అంటరు. మీకు అక్కర ఉన్నప్పుడు అది కథ. నాకు అది రెహాన్ మూడేండ్లు చేసిన పని. వాడు కట్టిన మనిషికి నోరు లేదు. లేని నోటిని కాపాడుకుంట వచ్చిండు. కొట్లాటలో, ఆకలిలో, రాణి ఆయనను దొంగ అన్న రోజు కూడ, ఒక్క మాట అనిపియ్యలే. నేను ఇప్పుడు నోరు పెడితే ఆ మూడేండ్లలో మాట్లాడగలిగి కూడ ఊకున్నడని అయితది. అది అబద్ధం.

నువ్వు మాట్లాడినయి సారంగు మాటలు కావు. నీవి. "ఆడపిల్లవు, ఇంటికి పో" అన్నది నా మేనత్త. ఆ మాట వినపడ్డది, ఆ రోజు చీకటి పడక ముందే ఇంటికి పోయిన. నీ మాటలు నీ నోటి మీద ఉండనియ్యి. వాని పేరు పిలవాలంటే నాకు ఫోన్ చెయ్యి. నేను పిలుస్త. కూరగాయల ముచ్చట తియ్య.

వంశీకి చెప్పిన, ముంచేది లేదని. సారంగు మునగలే. రాణి నిలబడ్డ ఒడ్డు నుంచి ఎనుకకు తిరిగి కోటకు నడవాలె. కాలినడకన, చుట్టు తిరిగి, ఎన్ని నెలలు పట్టినా. మహిపాల్ సిగ్నల్ ఉన్నప్పుడు అడ్డం పడుతడు. అది వాళ్లు చూసుకుంటరు.

నీకు కోపం వస్తదని తెలుసు. ఉత్తరం రాయకు అన్నవు, ముంచితే. నేను ముంచలే. అయినా నువ్వు రాయకపోవచ్చు. ఫరీదాకు కూడ ఇదే చెప్పిన.

సారంగు మాట్లాడినయన్నీ కొట్టేసిన. అసలు కథలో ఒక్కటి కూడ ఎక్కించలే. రెహాన్ రాసిన ఆ ఐదు వాక్యాలు ఎక్కించిన, వాడు దవాఖానలో చేరిన రోజు తేదీతో. రెహాన్ నంబరును పొద్దున గ్రూపు నుంచి తీసేసిన. ఇగ ఆ పేరు మీద టైపింగ్ అని పడదు.

రేవు మూసి ఉంది. నేను తెరవను.

జబీన్